మాకు తెలిసింది లింక్‌కి తెలియదా? జెల్డా తయారీ బృందానికి బహిరంగ లేఖ

క్యోటోలోని నింటెండోలో 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' వీడియో ఆటలు తయారుచేస్తున్న బృందానికి,
ముఖ్యంగా నిర్మాత ఎయిజి అవోనుమా గారికి, దర్శకులు హిదెమారో ఫుజిబయాషి గారికి,

నమస్కారం.

తెలుగులో రాసిన ఉత్తరం క్యోటోలో ఎవరి బల్ల మీదికీ నేరుగా రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాం. మీ ఆటల మీద మేం పోట్లాడుకునేది ఈ భాషలోనే కాబట్టి, మీకు చెప్పదలచుకున్నది ముందు మాలో మేం తేల్చుకోవాలి కాబట్టి. ఇంకా ఆడనివాళ్ళకి ఒక మాట: ఈ ఆటల్లో మనం నడిపే కుర్రాడు లింక్, యువరాణి జెల్డా, రాజ్యం హైరూల్, శత్రువు గానన్ లేదా గానన్‌డార్ఫ్. 2023 మే 12న వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' కథంతా కింద బయటపడిపోతుంది. ఆ ఆట ఆడే ఉద్దేశం ఉంటే ఇక్కడితో ఆపేయండి.

తర్వాతి పెద్ద జెల్డాలో కథ పెంచమనో, ఆట తగ్గించమనో మేం అడగడం లేదు. ఒక డంజన్ (చిక్కుముడులూ శత్రువులూ నిండిన కట్టడం), అందులో ఒక కొత్త పనిముట్టు, దాంతో తెరుచుకునే తర్వాతి డంజన్ అనే పాత పట్టాల మీదికి తిరిగి వెళ్ళమనీ అడగడం లేదు. అలా అడిగేవాళ్ళు మాలో కొందరున్నారు, వాళ్ళతో మాకు రోజూ పేచీనే. మేం అడిగేది ఒక్కటే. ఆడేవాళ్ళకి ఇప్పటికి ఏం తెలుసో కథ గుర్తుపెట్టుకోవాలి.

2017లో 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో నిప్పూ నీరూ గాలీ మెరుపూ ఒకదాన్నొకటి ఎలా తాకాలో మీరు నియమాలు రాశారు. గడ్డి అంటుకుంటే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలి పారాగ్లైడర్‌ని ఎత్తుతుంది. వానొస్తే మంట ఆరుతుంది, బండ జారుతుంది, దారిన పోయేవాళ్ళు తల దాచుకోవడానికి పరిగెత్తుతారు. చేతిలో ఇనప కత్తి ఉంటే పిడుగు వెతుక్కుంటూ వస్తుంది. ఆ లోకానికి తడీ పొడీ తెలుసు. మనం నిన్న ఏ రహస్యం విన్నామో మాత్రం తెలియదు. 'టియర్స్'లో ఆ లోపం కథ నడ్డి విరిచింది.

1986 ఫిబ్రవరి 21న ఫామికామ్ డిస్క్ సిస్టమ్ అనే మీ పాత యంత్రం మీద మియామొతో, తెజుకా గార్లు తీసిన మొదటి జెల్డా వచ్చినప్పుడు ఈ తగువు లేదు. గుహలో ముసలాయన ఒక్క ముక్క చెప్పి చేతిలో కత్తి పెడతాడు. కావాలంటే ఆ గుహ గడప తొక్కకుండానే బయల్దేరొచ్చు. కథ దాదాపు అంతా ఆటతోపాటు వచ్చే చిన్న పుస్తకంలో ఉండేది. కథకి పుస్తకం, ఆటకి తెర. రెండూ ఒకే తెర మీదికి వచ్చాకే ఎవరు ఎవరికి దారివ్వాలన్న ప్రశ్న పుట్టింది.

'టియర్స్' సంగతి వివరంగా చూద్దాం. అందులో కథని రెండు దారుల్లో పెట్టారు. ఒకటి రీటో, గోరాన్, జోరా, గెరుడో జాతుల ప్రాంతాల్లోని నాలుగు ఉత్పాతాలు. రెండోది నేల మీద గీసిన పెద్ద బొమ్మల్లోని కన్నీటి చుక్కలు; జెల్డా గతంలోకి జారిపోయాక అక్కడ జరిగినదాంట్లో ఒక్కో దృశ్యం ఒక్కో చుక్కలో కనిపిస్తుంది. 11 బొమ్మలు, 11 చుక్కలు, అవన్నీ అయ్యాక రిస్ట్ ద్వీపకల్పంలో 12వది. మొదటి దారిని 24 వరుసల్లో నడవొచ్చు. రెండోదానిలో మొదటి చుక్క ఈ బొమ్మల సంగతి చెప్పే ఇంపా దగ్గరే చూశామనుకున్నా, మిగతా 10 చుక్కల్ని 36,28,800 వరుసల్లో చూడొచ్చు. ఇంత స్వేచ్ఛ ఇచ్చి, ఆ చుక్కల్లో పోసింది మాత్రం ఒక్క వరుసలో తాగితేనే రుచి తెలిసే కథ.

ఎందుకంటే ఆ దృశ్యాలు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. శక్తిని పెంచే రహస్య శిలని మింగినవాళ్ళు చావులేని డ్రాగన్ అవుతారనీ, తామెవరో మరిచిపోతారనీ ఆ కాలపు ఋషి మినెరు ఒక చుక్కలో జెల్డాకి చెబుతుంది. అది విత్తనం. లింక్ కత్తి, విరిగిన మాస్టర్ సోర్డ్, కాలం దాటి జెల్డా చేతికి చేరడం మరో చుక్క. అది మొలక. చివరి చుక్కలో పంట: జెల్డా శిల మింగి డ్రాగన్ అవుతుంది. కత్తి దృశ్యం ముందు చూసి, మినెరు మాట తర్వాత విన్నవాళ్ళకి ఆ హెచ్చరిక హెచ్చరికలా వినిపించదు, జరిగిపోయినదానికి వివరణలా వినిపిస్తుంది. ఆ కాలపు రాణి సోనియా సంగతి ఇంకా అన్యాయం. ఆమె జెల్డాని సొంత మనిషిలా దగ్గరికి తీసుకునే దృశ్యం ఒకచోట, నకిలీ జెల్డాని పంపి గానన్‌డార్ఫ్ ఆమెని చంపే దృశ్యం మరోచోట. రెండోది ముందు దొరికితే, పరిచయమైనా కాని మనిషి చావు చూస్తాం. చూసి ముందుకు పోతాం.

పైగా ఆ హత్య దృశ్యం అసలు ఆటకి కూడా గండి కొడుతుంది. ఇప్పటి హైరూల్‌లో అక్కడక్కడా కనిపించి వింత పనులు చేస్తున్న జెల్డా ఎవరన్నది ఉత్పాతాల దారికి ఆయువుపట్టు. కోటలో తేలాల్సిన ఆ ముడి ఒక కొండవాలు మీద చుక్క చూసినవాళ్ళకి అప్పుడే విడిపోతుంది. విడిపోయాక కూడా గుర్రపుశాలల దగ్గర పత్రికావిలేకరి పెన్‌తో కలిసి యువరాణి కనిపించిందన్న పుకార్లు ఆరా తీస్తూ తిరుగుతాం. లుకౌట్ లాండింగ్ శిబిరంలో శాస్త్రవేత్త పూరా యువరాణిని వెతకమనే అంటుంది. కోటలో ఆ నకిలీ బొమ్మ గది నుంచి గదికి పిలుస్తుంటే లింక్ అమాయకంగా వెనకాలే పరిగెత్తుతాడు. లింక్ నోరులేనివాడేం కాదు, చాలా సంభాషణల్లో రెండు మూడు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే వీలుంది. అవసరమైన చోట ఆ జవాబుల్లో "నాకు తెలుసు" అన్నది లేదు.

ఇదే ముక్కల పద్ధతి 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో ఎందుకు బెడిసికొట్టలేదు? అక్కడా లింక్ చేతి పలక లాంటి స్లేట్‌లో 12 ఫొటోలు, ఒక్కోదానికి ఒక జ్ఞాపకం, ఆ తర్వాత 13వ జ్ఞాపకం, ఏది ముందు చూసినా అడిగేవాళ్ళు లేరు. తేడా ఏమిటంటే, ముసలి రాజు ఆట మొదలయ్యే పీఠభూమి మీదే ముగింపు చెప్పేశాడు: వందేళ్ళ క్రితం ఓడిపోయాం, నువ్వు పడిపోయావు, ఆమె ఒక్కతే కోటలో గానన్‌ని ఆపుతోంది. ఇక జ్ఞాపకాలు చెప్పాల్సింది ఏం జరిగిందని కాదు, ఆ మనుషులు ఎలాంటివాళ్ళని. లింక్ మీద జెల్డా విసుక్కునే దృశ్యం ముందు చూసినా, వానలో ఏడ్చే దృశ్యం ముందు చూసినా మనిషి బొమ్మ పూర్తవుతూనే ఉంటుంది. మా పౌరాణిక నాటకాల్లో రాయబారం సీను ఒక్కటే వేసినా, పడక సీను ఒక్కటే వేసినా జనం తెల్లారేదాకా కదలరు. కృష్ణుడి సంధి పొసగదని పందిట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ముగింపు తెలిసిన కథని ఎక్కడ కోసినా ముక్క ముక్కకీ రుచి ఉంటుంది. ముడి విప్పే కథని అలా కోస్తే ముడీ మిగలదు, విప్పడమూ మిగలదు. 2017లో మొదటి రకం కథకి కుట్టిన చొక్కానే 2023లో రెండో రకం కథకి తొడిగారు.

బాగు చేయడానికి పెద్ద మరమ్మతు అక్కర్లేదు. తాళం వేయడం మీకు తెలియనిది కాదు, 12వ చుక్కని మిగతా 11 చూసేదాకా దాచారు కదా. దానికి తోడు ఇంకో రెండు తాళాలు చాలేవి. సోనియా జెల్డాలు దగ్గరయ్యే చుక్క చూడనిదే హత్య చుక్క తెరుచుకోకూడదు. మినెరు మాట విననిదే కత్తి చుక్క తెరుచుకోకూడదు. అంతే. మిగతా 10 చుక్కల వరుసలు 36,28,800 నుంచి 9,07,200కి తగ్గుతాయి. ఆ తగ్గుదల ఏ ఒక్కరికీ తెలియను కూడా తెలియదు. తాళం కనిపించే తీరు కూడా ఆ లోకానికి పరాయిగా ఉండక్కర్లేదు. బొమ్మలో నీళ్ళు నిండిన చుక్క దగ్గరే కదా దృశ్యం మొదలయ్యేది, అది ఎండి పగిలి ఉంటే "ఇది ఇప్పుడు కాదు" అని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఫర్గాటెన్ టెంపుల్ గోడల మీద ఆ బొమ్మల్ని వరుసగా పెట్టారు, నిజమే. అదే చూడాల్సిన వరుస అని గట్టిగా చెప్పలేదు. సూచనని గోడకి తగిలించి ఊరుకుంటే, పరధ్యానంగా పోయేవాళ్ళకి కథ పోతుంది.

లైట్ డ్రాగన్ తల మీద కత్తికి మాత్రం తాళం వద్దు. ఆకాశంలో ఎగిరే ఆ డ్రాగన్‌ని సొంత కళ్ళతో చూసి, దాని మీదికి దిగి, నుదుటి మీద మెరిసేది ఏమిటో తెలుసుకోవడం ఆడి సంపాదించుకున్న రహస్యం. దానికి ఆట తరఫున ఒక షరతు ఎలాగూ ఉంది: ఓపికని కొలిచే స్టామినా చక్రాలు పూర్తిగా రెండు ఉండాలి. మొదట ఉండేది ఒక చక్రం. ఒక్కో పెంపుకి నాలుగు ష్రైన్ల (చిన్న చిక్కుముడి గుళ్ళ) దీవెనలు, అయిదు పెంపులకి ఒక చక్రం. ప్రాణం పెంచే గుండెల మీద ఒక్కటీ ఖర్చు పెట్టకపోయినా 20 ష్రైన్లు. అలా చెమటోడ్చి తెలుసుకున్నవాళ్ళకి కథ చెడిపోయిందన్న బాధ ఉండదు. దారిలో తగిలిన కట్‌సీన్ (ఆట ఆగి సినిమాలా నడిచే దృశ్యం) వరుస తప్పి చెప్పేస్తేనే ఉంటుంది.

ఇక తెలిసిన సంగతిని గుర్తుపెట్టుకోవడం. ఆ ఆటలో నిజంగా లెక్కలోకి వచ్చే రహస్యాలు మూడే: జెల్డా గతంలో ఉంది, ఇప్పుడు తిరుగుతున్నది నకిలీ, ఆ డ్రాగన్ జెల్డాయే. మూడు అవును-కాదులకి లెక్క ప్రకారం 8 స్థితులు. డ్రాగన్ సంగతి తెలిసి గతం సంగతి తెలియనివాళ్ళు ఉండరు కాబట్టి 6. మొదటి చుక్కని తప్పనిసరి చేస్తే 4. గొంతుతో పలికించిన దృశ్యాల్ని అన్ని భాషల్లో నాలుగేసి రకాలుగా రికార్డు చేయడం అయ్యే పని కాదని మాకూ తెలుసు. ఆ అవసరమూ లేదు. దృశ్యానికి ముందూ వెనకా వచ్చే రాత సంభాషణలు మారిస్తే చాలు. కోట విషయమే తీసుకోండి. నకిలీ అని ముందే తెలిసినవాళ్ళు బయల్దేరేముందు పూరాతో "అది యువరాణి కాదు" అనే జవాబు ఎంచుకోగలగాలి. పూరా "అయితే వలే. తెలిసే అడుగుపెడదాం, ఎవరు పన్నారో చూద్దాం" అనాలి. ఆ తర్వాత కోటలో పరుగంతా ఇప్పుడున్నట్టే, ఒక్క ఫ్రేమూ మార్చకుండా ఉండనివ్వండి. ఇందాక వెర్రివాడిలా పరిగెత్తిన లింకే ఇప్పుడు వేటగాడిలా కనిపిస్తాడు. దీనికి ఖర్చు రెండు మూడు డబ్బాల రాత.

పెన్ అప్పగించే క్వెస్టులకి (పనులకి) ఇంకా తక్కువ. నిజం తెలిసిన లింక్‌కి చెప్పడమా, దాచడమా అన్న రెండు జవాబులు ఇవ్వండి. ఏది ఎంచుకున్నా క్వెస్ట్ అలాగే నడవాలి. దాచినవాళ్ళకి అది తమ నిర్ణయం అవుతుంది.

ఆ నాలుగు ప్రాంతాల డంజన్లైన టెంపుళ్ళ చివర వచ్చే పూర్వఋషుల దృశ్యం ఇంకో గాయం. రీటో దగ్గర విన్నదే గోరాన్ దగ్గర, గోరాన్ దగ్గర విన్నదే జోరా దగ్గర. అదే యుద్ధం, అదే ఓటమి, దాదాపు అవే బొమ్మలు. గెరుడోకి వచ్చేసరికి రహస్య శిల అన్న మాట వినపడగానే చెయ్యి స్కిప్ బటన్ మీదికి పోతుంది. ఇలా ఎందుకు చేశారో అర్థం చేసుకోగలం. ఎవరు ఏ టెంపుల్ ముందు పూర్తి చేస్తారో తెలియదు కాబట్టి, మొదట చూసే దృశ్యంలో అవసరమైనదంతా ఉండాలి. కాబట్టి నాలుగింటిలోనూ అంతా ఉంది. కానీ దృశ్యాన్ని రెండు సగాలు చేస్తే ఈ చిక్కు పోతుంది. ఒక సగం ఇది ఎక్కడ అన్నదాన్ని బట్టి: ఆ జాతి పూర్వఋషి తన సొంత కథ, తను ఏం పోగొట్టుకున్నాడో. రెండో సగం ఇది ఎన్నోది అన్నదాన్ని బట్టి: మొదటి టెంపుల్‌కి యుద్ధం ఎలా మొదలైందో, రెండోదానికి ఎవరు ఎవర్ని నమ్మారో, మూడోదానికి రాజు రౌరు ఏం ఎంచుకున్నాడో, నాలుగోదానికి ఇప్పుడు మనవంతు ఏమిటో. ఏ టెంపుల్ ఎన్నోదైనా అతుకుతుంది. 16 దృశ్యాలు తీయక్కర్లేదు, నాలుగూ నాలుగూ కలిపి 8 సగాలు చాలు.

ఇది మేం గాల్లో కట్టిన మేడ కాదు. 2024 సెప్టెంబర్ 26న వచ్చిన 'ఎకోస్ ఆఫ్ విజ్డమ్'లో మీరే దీనికి దగ్గరగా వచ్చారు. మొదట గెరుడో ఎడారి, జాబుల్ నీళ్ళు, రెండింటిలో ఏది ముందైనా సరే. రెండూ అయ్యాక అందరూ హైరూల్ కోట దగ్గర కలవాలి. ఆ తర్వాత ఎల్డిన్, ఫారన్, హెబ్రా, మళ్ళీ ఎవరిష్టం వాళ్ళది. నడక విచ్చలవిడిగా, మజిలీ మాత్రం అందరికీ ఒక్కచోట. కథ ముడులన్నీ మజిలీలో పడ్డాయి కాబట్టి దారిలో ఏదీ చిందిపోలేదు. ఆ ఆటలో పేచీ వేరు. 127 ఎకోలు (వస్తువులకీ జీవులకీ తీసుకునే నకళ్ళు) ఒకే అడ్డవరుసలో పెట్టి, కావలసినదాని కోసం వేలు నొప్పి పుట్టేదాకా జరపమన్నారు.

2013లో 'ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్'లో ఇంకా గడుసుగా చేశారు. పనిముట్లన్నీ రావియో అంగట్లో అద్దెకి దొరుకుతాయి, చచ్చిపోతే అద్దె సరుకు వెనక్కి పోతుంది, డంజన్లు ఎటునుంచైనా చేసుకోవచ్చు. సాండ్ రాడ్ అనే పనిముట్టు ఒక్కటి ఓస్ఫాలా అనే ఋషిని కాపాడిన తర్వాతే అంగడికి వస్తుంది. అంటే అంత స్వేచ్ఛలోనూ ఒక తాళం పెట్టారు, ఎవరూ గోల పెట్టలేదు. ఆఖర్న ఆ అంగడివాడు ఎవరో తెలిసినప్పుడు, ఆటంతా మనం రూపాయి రూపాయి లెక్కపెట్టుకున్న అద్దె కథలో ముఖ్యమైన ముడి అయి కూర్చుంటుంది. కట్‌సీన్ నిడివి పెంచకుండా కథ పెంచడమంటే ఇదీ.

కథ పేరు చెప్పి ఆటని ఆపేసిన రోజులూ ఉన్నాయి. వాటిని మరిచిపోతే పాత పద్ధతి కావాలనేవాళ్ళ మాటే నిజమనిపిస్తుంది. 'ఓకరినా ఆఫ్ టైమ్'లో గుడ్లగూబ చెప్పేది విసుగ్గా బటన్ కొడుతూ దాటబోతే మళ్ళీ మొదటికొచ్చేది, ఆ పక్షి మీద ఇప్పటికీ కోపమే. 'విండ్ వేకర్'లో సముద్రం కింద రాజ్యం బయటపడి కథ ఉరకలు వేస్తున్న చోట ట్రైఫోర్స్ అనే పవిత్ర వస్తువు ముక్కలు 8 ఏరమన్నారు. ఒక్కో ముక్కకి ఒక పటం వెతకాలి. దాన్ని చదివిపెట్టడానికి టింగిల్ అనేవాడికి ఆటలోని డబ్బు 398 రూపాయలు పోయాలి, మొత్తం 3,184. తర్వాత అక్కడికి పడవేసుకుపోయి గాలం వేసి లాగాలి. 2013 హెచ్‌డీ రూపంలో అయిదు ముక్కల్ని పటం ప్రసక్తి లేకుండా నేరుగా దొరికేలా చేశారు, టింగిల్ బిల్లు 1,194కి దిగింది. తప్పు ఎక్కడుందో మీకు తెలిసిందనడానికి అదే రుజువు. 'ట్విలైట్ ప్రిన్సెస్'లో కత్తి తిప్పాలంటే ముందు మేకలు తోలాలి, చేప పట్టి పిల్లికి పెట్టాలి, ఉయ్యాల తెచ్చిపెట్టాలి. ప్రాంతానికి 16 కాంతి చుక్కలు ఏరాలి, 2016లో వాటినీ 12 చేశారు. 'స్కైవర్డ్ సోర్డ్'లో ఆట తిరిగి పెట్టిన ప్రతిసారీ, పదోసారి దొరికిన పురుగుని కూడా కొత్తగా పరిచయం చేసేవారు. ఫై అనే కత్తిదేవత మనం కళ్ళతో చూసినదాన్నే మళ్ళీ నోటితో చెప్పేది. 2021 హెచ్‌డీలో ఆమె నోటికి అడ్డం పెట్టే వీలిచ్చారు. ప్రతి మార్పూ రెండోసారి అచ్చువేసినప్పుడే వస్తోంది. ఆ రెండోసారి చేసే సవరణ మొదటిసారే, బయటివాళ్ళతో ఆడించి చూసే దశలోనే చేయమని మనవి. ఒక కొలమానం చెబుతాం: మాటల డబ్బా తెర మీదికి వచ్చినప్పుడు, అందులో ఉన్నది ఆడేవాళ్ళకి అప్పటికే తెలిసి ఉంటే ఆ డబ్బా ఎత్తేయండి.

బోధన ఎలా ఉండాలో మీ పీఠభూమే చూపించింది. మంచుకొండ ఎక్కాలి, చలికి ప్రాణం కారిపోతోంది. కారపు మిరపకాయలు వండుకు తిని ఎక్కొచ్చు. దివిటీ పట్టుకు ఎక్కొచ్చు. లేదా ముసలాయన గుడిసెలో డైరీ తిరగేస్తే, ఆయన మరిచిపోయిన వంట ఒకటి కనిపిస్తుంది. పచ్చిమాంసం, మిరపకాయ, హైరూల్ బాస్ చేప కలిపి వేయించి ఆయనకి చూపిస్తే చలికోటు ఇస్తాడు. వంట నేర్పారు, చలి నేర్పారు. పేరు చెప్పని ఆ ముసలాయన తిండిప్రియుడని, ఒంటరివాడని, కుర్రాడి మీద ఆపేక్ష ఉన్నవాడని కూడా చెప్పారు. తర్వాత ఆయనెవరో తెలిసినప్పుడు మనకి గుర్తొచ్చేది ఆ వేపుడే. 'టియర్స్' ఆకాశద్వీపంలో ఇంత గాఢత లేదు. అక్కడా నాలుగు ష్రైన్లే, కానీ శక్తులు దాదాపు ఒకే వరుసలో చేతికొస్తాయి, రౌరు ఎంతసేపూ తర్వాత ఎటు వెళ్ళాలో చెప్పే మనిషిగానే మిగిలాడు.

ఇంకో మాట. రెండు పెద్ద ఆటల్లోనూ బలమైన కథంతా గతంలోనే జరిగింది. లింక్ దాన్ని తవ్వి తీస్తాడు, అంతే. ఇప్పుడు, మన చేత్తో జరిగే కథ ఎంత బాగుంటుందో 'బ్రెత్'లోని టారీ టౌన్ దగ్గర తెలుస్తుంది. ఆ ఊరు కట్టే హడ్సన్‌కి 10 కట్టెల మోపులు, తర్వాత 20, 30, 50, మొత్తం 110. మధ్యలో పేరు "సన్"తో ముగిసే గోరాన్, గెరుడో, రీటో, జోరా మనుషుల్ని వెతికి తేవాలి. ఒక్కొక్కరు రాగానే ఇళ్ళు లేస్తాయి, ఊరి పాటలో ఒక వాయిద్యం చేరుతుంది. చివర్న పెళ్ళి. దీన్ని అసలు కథగా పెట్టకుండా పక్క క్వెస్ట్‌గా వదిలేశారన్నదే మా బాధ. ఇంకాస్త వెనక్కి వెళితే 1993 నాటి 'లింక్స్ అవేకెనింగ్'. 512 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో 8 వాయిద్యాలు ఏరే మామూలు ఆట. సగం దాటాక ఒక గుడి గోడ మీద రాత ద్వారా ఈ దీవి కల అని, వాయిద్యాలు పూర్తయితే కల చెదిరిపోతుందని తెలుస్తుంది. ఆ క్షణం నుంచి డంజన్ గెలవడమే తప్పు చేసినట్టు ఉంటుంది. బటన్లు మారలేదు, శత్రువులు మారలేదు, చేస్తున్న పనికి అర్థం మారింది.

'మజోరాస్ మాస్క్' గురించి, దానికి దర్శకత్వం వహించిన అవోనుమా గారికి మేం చెప్పేదేముంది. ఆటలో గంట అంటే 45 సెకన్లు, 72 గంటలకి 54 నిమిషాలు, చంద్రుడు పడిపోతాడు, మళ్ళీ మొదలు. ఓకరినా బొమ్మల్నే తిరిగి వాడారు, పెద్ద టెంపుళ్ళు నాలుగే. కానీ ఆంజు, కాఫెయ్‌ల జంట కోసం మూడు రోజులూ ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో పుస్తకంలో రాసుకుంటూ, ఉత్తరం అందించి, తాళంచెవి తీసుకుని, ఆఖరి రాత్రి ఆ గదిలో కూర్చుని ఎదురుచూడటం, అదే ఆట, అదే కథ. బాంబర్స్ నోట్‌బుక్ మనకి తెలిసినదాన్ని రాసుకునే పుస్తకం. 2000లో ఆటకి ఉన్న ఆ జ్ఞాపకశక్తి ఇప్పుడు ఎందుకు ఉండకూడదు?

రెండు చిన్న సంగతులు. 'టియర్స్'లో లింక్‌కి తోడు వచ్చే ఋషుల శక్తుల్ని పక్కన తిరిగే వాళ్ళ నీడలకి ఇచ్చి, ఆ నీడల దగ్గరికి పోయి 'A' బటన్ నొక్కమన్నారు. సరుకు ఏరుకునేదీ అదే బటన్. కొండ అంచున పడిన సామాను ఏరబోతే రీటో కుర్రాడు టూలిన్ గాలి ఊది లోయలోకి తోసేస్తాడు. కథలో ఎంతో ప్రేమగా కట్టిన స్నేహాన్ని ఆటలో ఇలా తిట్టించుకోకూడదు. ఆ అయిదు శక్తుల్నీ ఒక బటన్ పట్టుకుంటే వచ్చే చక్రంలో పెట్టండి, నీడల్ని అలంకారానికి ఉండనివ్వండి. రెండోది, 'బ్రెత్'లోని డివైన్ బీస్టులనే నాలుగు యంత్రజంతువులూ, గార్డియన్ యంత్రాలూ 'టియర్స్'లో ఎటుపోయాయి? కాలక్రమం పట్టికలతో మాకు పనిలేదు, 2011లో మీరు అచ్చువేసిన మూడు శాఖల వంశవృక్షం మాలో చాలామందికి నోటికి రాదు. కానీ నిన్నటి ఆటలో ఊరి మీద కొండంత యంత్రం నిలబడి ఉంటే, ఇవాళ ఆ ఊరివాళ్ళలో ఒక్కరైనా దాని గురించి ఒక్క వాక్యం మాట్లాడాలి.

చివరిగా మా సొంత గొడవ. మీ ఆటలు తెలుగులో రావు. మాలో చాలామంది ఇంగ్లీషు రాత చదువుకుంటూ ఆడతాం, కట్‌సీన్‌లో గొంతు ఆగకుండా సాగిపోతుంటే ఒక వాక్యం తప్పిపోతుంది. రెండు ఆటల్లోనూ దాటిపోయిన సంభాషణని వెనక్కి తిప్పి చదివే వీలు లేదు. 'టియర్స్'లో మనుషుల వివరాలకి ఒక పట్టిక పెట్టారు, బాగుంది. దాని పక్కనే ఆఖరి 100 సంభాషణల చిట్టా ఒకటి పెట్టండి. కట్‌సీన్ మధ్యలో బటన్ నొక్కితే దాటేయడంతోపాటు, ఆపి ఆ వాక్యం మళ్ళీ చదువుకునే వీలూ ఇవ్వండి. తెలుగువాళ్ళకే కాదు, తమ భాష లేని ప్రతివాళ్ళకీ పనికొస్తుంది. చెవులు సరిగా వినపడనివాళ్ళకి ఇంకా ఎక్కువగా.

ఇట్లు,
తెలుగులో జెల్డా గురించి వాదించుకునే కొందరు ఆటగాళ్ళు